ఖాళీ కుర్చీ ఎదుట కట్టిన తీర్పు

1984 ఏప్రిల్ 6, శుక్రవారం. అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్ట్జ్ సంతకంతో ఐక్యరాజ్యసమితికి ఒక ఉత్తరం చేరింది. మధ్య అమెరికా దేశాలతో మాకున్న తగాదాలేవీ రెండేళ్ళపాటు అంతర్జాతీయ న్యాయస్థానం పరిధిలోకి రావు, ఇది తక్షణం అమలు అని దాని సారాంశం. సోమవారం, ఏప్రిల్ 9న, నికరాగువా హేగ్‌లోని ఆ న్యాయస్థానంలో దావా వేసింది. వాషింగ్టన్‌కు ముందే ఉప్పందిందని వేరే చెప్పక్కర్లేదు. అప్పటికే నికరాగువా రేవుల్లో సి.ఐ.ఏ. పెట్టించిన మందుపాతరలకు ఓడలు దెబ్బతింటున్నాయి. సరిహద్దుల వెంట కాంట్రా తిరుగుబాటుదారులు అమెరికా డబ్బుతో, అమెరికా తర్ఫీదుతో ఊళ్ళమీద పడుతున్నారు.

చిన్న దేశం అగ్రరాజ్యాన్ని బోనెక్కించిన కేసుగా దీని పేరు వినని న్యాయవిద్యార్థి ఉండడు. ఎవరు గెలిచారో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. నన్ను మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికి లాగేది 1986 జూన్ 27న వెలువడ్డ ఆ 292 పేరాల తీర్పులోని పనితనం. ప్రతివాది లేచి వెళ్ళిపోయాడు. వాడవలసిన ప్రధాన చట్టాన్ని ముట్టుకునే వీల్లేదు. గెలిచినా అమలు చేయించే దిక్కులేదు. ఇన్ని లోట్ల మధ్య న్యాయమూర్తులు ఎక్కడ చెయ్యి బిగించారు, ఎక్కడ వెనక్కి లాక్కున్నారు అన్నది గమనిస్తూ చదివితే ఇది వేరే రచనలా కనిపిస్తుంది.

ముందు వకీళ్ళ పని చూడాలి. నికరాగువా తరఫున కార్లోస్ అర్గూయెయో ప్రతినిధి. ఆయన వెంట ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఇయాన్ బ్రౌన్లీ, ఫ్రాన్స్ నుంచి అలెన్ పెల్లే, వాషింగ్టన్ న్యాయవాది పాల్ రీక్లర్, హార్వర్డ్ ఆచార్యుడు అబ్రామ్ చేయస్. ఈ చేయస్ సామాన్యుడు కాదు. కెనెడీ హయాంలో అమెరికా విదేశాంగ శాఖకే న్యాయ సలహాదారు. వీళ్ళ ఎత్తుగడలోని అందమేమిటంటే, వాదనకు కావలసిన సరుకంతా అమెరికా భోషాణంలోంచే తీశారు. న్యాయస్థానం పరిధిని అంగీకరిస్తూ 1946లో అమెరికా ఇచ్చిన ప్రకటనలో, దాన్ని రద్దు చేసుకోవాలంటే ఆరు నెలల నోటీసు ఇస్తామని ఉంది. మరి మూడు రోజుల ముందు రాసిన ఉత్తరం ఎలా చెల్లుతుంది? 1956లో రెండు దేశాలూ చేసుకున్న స్నేహ, వాణిజ్య, నౌకాయాన ఒప్పందం ఇంకో ఆధారం. టెహ్రాన్‌లో తన దౌత్యసిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు ఇరాన్ మీద అమెరికా ఇదే కోర్టుకెక్కి, 1955 నాటి ఇలాంటి స్నేహ ఒప్పందాన్నే చూపించింది. 1980లో గెలిచింది కూడా. అప్పుడు కోర్టుకు రానిది ఇరాన్.

పరిధి విషయంలో ఒకచోట మాత్రం నాకు కొంచెం వదులు కనిపిస్తుంది. నికరాగువా పాత అంతర్జాతీయ కోర్టు పరిధిని అంగీకరిస్తూ 1929లో ప్రకటన చేసింది. కానీ దాన్ని కట్టుబాటుగా మార్చే ధ్రువీకరణ పత్రాన్ని పంపుతున్నామంటూ 1939 నవంబరులో టెలిగ్రాం ఒకటి ఇచ్చిందే గాని, ఆ పత్రం జెనీవా చేరనే లేదు. దశాబ్దాల తరబడి కోర్టు వార్షిక గ్రంథాలు నికరాగువా పేరును జాబితాలో అచ్చువేస్తూ వచ్చాయి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, కాబట్టి చెల్లుతుంది అన్నారు న్యాయమూర్తులు. 11 మంది ఔనన్నారు, అయిదుగురు కాదన్నారు. ఆ అయిదుగురి వాదన తీసిపారేయదగ్గది కాదు. అయితే 1956 ఒప్పందం కింద పరిధి ఉందని ఒప్పుకున్నవారు 14 మంది. ఒక ఆధారం సందేహాస్పదమైనప్పుడు రెండోదాన్ని పక్కనే నిలబెట్టుకోవడం వకీళ్ళ ముందుచూపు.

ఈ ఓటమి తర్వాత 1985 జనవరి 18న అమెరికా, ఇక ఈ కేసులో పాల్గొనమని ప్రకటించి వెళ్ళిపోయింది. ఎదుటి కుర్చీ ఖాళీ అయితే వాదికి పండగ అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. కోర్టు నిబంధనావళిలోని 53వ అధికరణం ప్రకారం, ప్రతివాది రాకపోయినా వాది మాట వాస్తవంలోనూ చట్టంలోనూ నిలుస్తుందని న్యాయమూర్తులు తమకు తాము నిర్ధారించుకోవాలి. అప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్నది మనవాడే, డుంగర్పూర్ రాజకుటుంబానికి చెందిన పూర్వపు ఐ.సి.ఎస్. అధికారి నాగేంద్ర సింగ్. ఆయన ధర్మాసనం సాక్ష్యాలను తూచిన తీరు ఈ తీర్పులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. పత్రికల్లో పుంఖానుపుంఖాలుగా వచ్చినంత మాత్రాన ఒక సంగతి రుజువైనట్టు కాదు, వంద వార్తలకూ మూలం ఒక్కటే అయి ఉండొచ్చు అన్నారు. ఒక దేశపు పెద్దలు తమకే చేటుచేసే సంగతిని బహిరంగంగా ఒప్పుకుంటే మాత్రం దానికి ప్రత్యేకమైన విలువ ఉంటుందన్నారు. ఆ తర్వాత అమెరికా నాయకుల ప్రసంగాలు, 1984 ఆర్థిక సంవత్సరానికి కాంట్రాల కోసం అమెరికా కాంగ్రెస్ కేటాయించిన 2 కోట్ల 40 లక్షల డాలర్లు, అన్నీ వరసగా వచ్చి పేరాల్లో కూర్చున్నాయి. కోర్టుకు రానని భీష్మించిన అమెరికా 1985 సెప్టెంబరులో తన వాదనను పుస్తకంగా వేసి బయట పంచిపెట్టింది. దాన్ని దాఖలు చేయలేదు కదా అని పక్కకు నెట్టకుండా, దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

సాక్షుల్లో డేవిడ్ మెక్‌మైకేల్ ఒకరు. సి.ఐ.ఏ.లో విశ్లేషకుడిగా చేసి బయటికొచ్చిన మనిషి. నికరాగువా తెచ్చుకున్న సాక్షి. ధర్మాసనంలోని అమెరికన్ న్యాయమూర్తి స్టీఫెన్ ష్వీబెల్ ఆయన్ను వదలకుండా ప్రశ్నించి, 1980 చివర, 1981 మొదట్లో ఎల్ సాల్వడార్ తిరుగుబాటుదారులకు ఆయుధాలు చేరవేయడంలో నికరాగువా ప్రభుత్వం పాత్ర ఉందనుకోవచ్చని ఒప్పించారు. తీర్పు దాన్ని దాచలేదు. ఆ కాలానికి అంత నిజమే, ఆ తర్వాతి కాలానికి తగిన రుజువు లేదు అని రాసుకుంది. ష్వీబెల్‌కు అది చాలలేదు. సుదీర్ఘమైన అసమ్మతి తీర్పు రాశారు. ఈ కేసు తెలుసుకోవాలనుకునేవారు దాన్నీ చదవాలని నా సలహా. ఖాళీ కుర్చీ చేయవలసిన పని కొంత ఆయన చేశారు.

ఇక అసలు చిక్కు. 1946లో ప్రకటన ఇచ్చినప్పుడు సెనేటర్ వాండెన్‌బర్గ్ పేరుమీద అమెరికా ఒక మినహాయింపు పెట్టుకుంది. బహుళదేశ ఒప్పందాల కింద తగాదా వస్తే, తీర్పువల్ల ప్రభావితమయ్యే సభ్యదేశాలన్నీ కేసులో ఉండాలి. (ఇటువంటి మినహాయింపు మన దేశం 1974లో ఇచ్చిన ప్రకటనలోనూ ఉంది. అమెరికాను వేలెత్తి చూపేముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.) ఎల్ సాల్వడార్‌ను కాపాడుతున్నామన్నది అమెరికా సమర్థన, ఆ దేశమేమో ఈ కేసులో కక్షిదారు కాదు. కాబట్టి ఐక్యరాజ్యసమితి చార్టర్‌ను చూపించి అమెరికాను దోషి అనడానికి వీల్లేదని 11-4 ఓట్లతో న్యాయమూర్తులే ఒప్పుకున్నారు. బలప్రయోగాన్ని నిషేధించే చార్టర్‌నే బల్ల మీదనుంచి తీసేశాక ఇంకేం మిగిలింది?

ఆచారం మిగిలింది. దేశాలు చట్టమని నమ్మి పాటిస్తూ వచ్చిన నడవడి. చార్టర్‌లోకి ఎక్కినంత మాత్రాన ఆచారం చచ్చిపోదు, రెండూ పక్కపక్కన బతుకుతాయి అని తీర్పు వాదించింది. ఆత్మరక్షణ హక్కును గుర్తించే 51వ అధికరణమే, ఆ హక్కు తనకన్నా ముందునుంచీ ఉందని ఒప్పుకుంటోందిగా అని చూపించింది. 1970లో సర్వప్రతినిధి సభ ఆమోదించిన స్నేహసంబంధాల ప్రకటనకు అమెరికా, నికరాగువా రెండూ సమ్మతించాయని గుర్తుచేసింది. మేకు అందనప్పుడు చెక్కకు చెక్కనే కోసి బిగించే వడ్రంగి పని ఇది. నిజం చెప్పాలంటే బిగింపు అన్నిచోట్లా సమానంగా లేదు. దేశాలు చేసినదానికన్నా సభల్లో చెప్పినదాని మీద బరువు ఎక్కువ పడిందన్న విమర్శ సబబే.

కానీ 186వ పేరా దగ్గర ఆగిపోతాను. దేశాలు నియమాన్ని ఉల్లంఘిస్తూనే ఉన్నాయి కదా, అలాంటప్పుడు అది ఆచారం ఎలా అవుతుంది అన్న పాత ప్రశ్నకు అక్కడ జవాబుంది. తప్పుచేసిన దేశం ‘ఇది ఆత్మరక్షణ’ అంటూ ఆ నియమంలోని మినహాయింపునే అడ్డం పెట్టుకుంటే, ఆ సాకు నిజమైనా కాకపోయినా, దానితో నియమం బలపడుతుందే గాని చెడదు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి సేనల్ని తోలుతూ రష్యా కూడా 51వ అధికరణాన్నే ఉదహరించింది. ఉక్రెయిన్ వేసిన దావాలో మార్చి 7న హేగ్‌లో విచారణకు రాలేదు. మార్చి 16న కోర్టు 13-2తో సైనిక చర్య ఆపమంది.

ఎల్ సాల్వడార్‌ను కాపాడటానికే ఇదంతా చేశామన్న అమెరికా వాదనను విప్పిన తీరులో ఆవేశం లేదు, తేదీలున్నాయి. దాడికి గురయ్యానని ఆ దేశమే చెప్పాలి, సాయం అదే అడగాలి. ఎల్ సాల్వడార్ ఆ మాట కోర్టుకు చెప్పుకున్నది 1984 ఆగస్టు 15న, అమెరికా చర్యలు మొదలై చాలాకాలమయ్యాక. సాల్వడార్ తిరుగుబాటుదారుల పెద్ద దాడి 1981 జనవరిలోనే విఫలమైంది. భద్రతామండలికి తెలియజేయవలసిన నివేదిక అమెరికా ఇవ్వలేదు. ఆయుధాలందించడం తప్పే కావచ్చు, సాయుధ దాడి మాత్రం కాదు అని గీత గీసినప్పుడు బ్రిటిష్ న్యాయమూర్తి రాబర్ట్ జెన్నింగ్స్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. భద్రతామండలి కాపాడలేని లోకంలో ఆత్మరక్షణను ఇంత ఇరుకు చేస్తే ఎలా అన్న ఆయన ఆందోళన కొట్టివేయదగ్గది కాదు.

మందుపాతరల భాగం చిన్నది, పదునైనది. 1946లో కోర్ఫూ జలసంధిలో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు మందుపాతరలకు బలై 44 మంది చనిపోయారు. ప్రమాదం తెలిసీ హెచ్చరించలేదని బ్రిటన్ అల్బేనియా మీద దావా వేసి గెలిచింది. ఆ తీర్పు తేదీ 1949 ఏప్రిల్ 9. పెద్ద దేశం చిన్న దేశం మీద గెలిచిన ఆ సూత్రాన్నే ఇప్పుడు అటునుంచి ఇటు తిప్పారు: ఓడలకు చెప్పకుండా మందుపాతరలు పెట్టడం మానవత్వపు కనీస మర్యాదకు విరుద్ధం. దీనికి ఓటు 14-1. ష్వీబెల్, జెన్నింగ్స్ ఇద్దరూ ఔనన్నారు. జపాన్ న్యాయమూర్తి ఓడా ఒక్కరే వ్యతిరేకం.

ముఖ్యమైన ఇతర అంశాల్లో 12-3 ఓట్లతో గెలిచిన నికరాగువాకు ఒకటి దక్కలేదు. కాంట్రాలు చేసిన హత్యలకు, అపహరణలకు అమెరికానే బాధ్యురాలని అది కోరింది. డబ్బు, ఆయుధాలు, శిక్షణ ఇచ్చినా, ఆ నేరం జరిగిన చర్యపై అమెరికాకు వాస్తవమైన అదుపు ఉందని చూపాలి, అది చూపలేదు అని కోర్టు తిప్పికొట్టింది. తాత్కాలికంగా అడిగిన 37 కోట్ల 2 లక్షల డాలర్ల పరిహారాన్నీ అప్పుడే ఇవ్వలేదు. వాది ఒక్కడే ఉన్న గదిలో వాదికి కాదని చెప్పడం తేలిక కాదు.

భద్రతామండలిలో తీర్పు అమలుకు పెట్టిన తీర్మానాన్ని అమెరికా 1986 అక్టోబరులో వీటో చేసింది. నవంబరు 3న సర్వప్రతినిధి సభ 94-3తో అమలు చేయమని కోరింది. పరిహారం సంగతి తేలకముందే నికరాగువాలో ప్రభుత్వం మారి, 1991 సెప్టెంబరులో కేసు ఉపసంహరించుకుంది.

అదుపు గురించిన ఆ కొలత మాత్రం అక్కడితో ఆగలేదు. యుగోస్లావియా నేరాల ట్రైబ్యునల్ 1999లో దాన్ని మరీ బిగువని పక్కనపెట్టింది. 2007 ఫిబ్రవరి 26న, సెర్బియా మీద బోస్నియా వేసిన కేసులో హేగ్ న్యాయస్థానం మళ్ళీ దాన్నే చేతికి తీసుకుని, స్రెబ్రెనిత్సాలో జరిగింది జాతినిర్మూలనే, సెర్బియా దాన్ని ఆపలేదు, కానీ ఆ హత్యలు సెర్బియా చేసినవిగా చెప్పలేం అని తేల్చింది. నేను మెచ్చుకున్న 1986 నాటి నిగ్రహానికి, 2007లో బోస్నియా చెల్లించిన మూల్యానికి మూలం ఒకే పేరా. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నా మెచ్చుకోలు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.