తెర వెలుగునకు తూకపురాళ్లు

కంప్యూటరు తెరతో కంటిచూపును పరీక్షింపదలచిన శాస్త్రజ్ఞునికి మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: తెర ఇచ్చు వెలుగు కోరినంతయేనా? ఈ ప్రశ్నకు డెనిస్ పెల్లీ, లాన్ జాంగ్ అనువారు 1991లో 'విజన్ రిసెర్చ్' పత్రికలో ప్రకటించిన వ్యాసము చక్కని సమాధానము. అయినను దానిని నేటి తెరలకు యథాతథముగా అన్వయింపరాదు.

చిక్కు రెండు విధములు. సాధారణపు తెరపై బూడిదరంగునకు 0 నుండి 255 వరకు 256 మెట్లే కలవు. ఆ మెట్లైనను సమానములు కావు. వెలుగు ఆ సంఖ్యయొక్క సుమారు 2.2వ ఘాతము ననుసరించి పెరుగును. అందుచే 128 అని ఆజ్ఞాపించినచో వచ్చునది గరిష్ఠపు వెలుగులో సగము కాదు, దాదాపు 22 శాతమే. 128 నుండి 129కి మారినంతనే వెలుగు 1.7 శాతము హెచ్చును. అనుకూల స్థితిలో మంచి కన్ను ఒక శాతపు తేడాను కూడ పసిగట్టగలదు. సేరురాయితో తులము బంగారమును తూచుట ఎట్టిదో, ఈ తెరతో చూపు హద్దును కొలుచుట అట్టిదే.

ఈ కొరతను పెల్లీ, జాంగ్‌లు తీర్చిన తీరు ప్రశంసార్హము. ఎరుపు, ఆకుపచ్చ, నీలి సంకేతములను విద్యున్నిరోధకముల ద్వారా వేర్వేరు పాళ్లలో కలిపి, నలుపు తెలుపు తెరకు ఒకే సంకేతముగా పంపిరి. పెద్ద పాలు ముతక మెట్లను, చిన్న పాళ్లు సన్నని మెట్లను ఇచ్చును. ఇట్లు 8 బిట్ల యంత్రమునుండి 12 బిట్ల సూక్ష్మత లభించెను. తెరను నమ్మక, కాంతిమాపకముతో కొలిచి సరిదిద్దుకొనుడని బోధించుట ఈ వ్యాసపు అసలు విలువ.

లోపములు లేకపోలేదు. ఈ ఉపాయమున రంగులు పోవును. పైగా సంఖ్యారూప సంకేతములను గ్రహించు నేటి ద్రవస్ఫటికపు తెరలకు అది పనికిరాదు. 1997లో క్రిస్టఫర్ టైలర్ మూడు రంగుల విలువలను కొద్దికొద్దిగా వేరుచేసి, మెట్ల నడుమ మెట్లను సాధించెను. ఇది రంగుతెరలకు తగిన మార్గమే కాని, చూచు కోణమును బట్టి వెలుగు మారు దోషమును ఇదియు మాన్పలేదు.

ఇది ప్రయోగశాలల ముచ్చట మాత్రమే కాదు. నీటికాసుల వ్యాధిలో అక్షరముల పట్టికను చక్కగా చదువువారికి సైతము వెలుగుల తేడా గుర్తించు శక్తి తగ్గవచ్చును. తెర తప్పు చెప్పినచో, దోషము కంటిదో తెరదో తేలదు.

రోలుగుంట వంటి ఊరి పాఠశాలలోనైనను దీనిని చూపవచ్చును. తెరపై ఒక ప్రక్క చుక్కవరుసలను నలుపు తెలుపుగా మార్చి మార్చి నింపి, రెండవ ప్రక్క 128 విలువగల బూడిదరంగు నుంచి, దూరమునుండి చూడవలెను. బూడిదరంగే చీకటిగా కనబడును. దానిని సుమారు 186కు పెంచిన గాని రెండును సరిపోలవు. సంఖ్య వేరు, వెలుగు వేరు అని విద్యార్థికి ఇంతకన్న తేటగా చెప్పు పాఠము లేదు.