చేదు చేసే పని

బస్తర్‌లో బియ్యంతో చేసే లందాలో, బీరుకి చేదునిచ్చే హాప్స్ వెయ్యరు. అయినా నా లెక్కలో అది బీరే. సిరొంచ మీదుగా ఇంద్రావతి దాటి భోపాల్‌పట్నం వచ్చే మనవాళ్లకి బస్తర్ అనగానే ఇప్పసారా గుర్తొస్తుంది, మహా అయితే సల్ఫీ, అంటే మన జీలుగు కల్లు. లందా ఊసెత్తేవాళ్లు తక్కువ.

బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికిస్తారు. మొక్కజొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి అందులో కలిపి, నీళ్లు పోసి కుండలో పులియబెడతారు. ఆ మొలకలోని ఎంజైములు బియ్యప్పిండిని చక్కెరగా విరగ్గొడితే, ఈస్టు దాన్ని మత్తుగా మారుస్తుంది. జర్మనీలో బార్లీ మొలకతో జరిపించేదీ ఇదే. దొప్పలో పోసిస్తే లందా తెల్లగా, చిక్కగా పుల్లగంజిలా ఉంటుంది. పిండి అడుక్కి దిగిపోతుంది, కలుపుకుంటూ తాగాలి.

ఆ పులుపు లాక్టిక్ బాక్టీరియాది, పాలు తోడుకునేలా చేసే జాతిదే. హాప్స్ అడ్డుకునేది సరిగ్గా దాన్నే. హాప్స్ ఒక తీగ, గంజాయికి దగ్గర చుట్టం (ఆ మత్తు మాత్రం దీనికి రాలేదు). దాని ఆడపూల రేకుల మొదట్లో పచ్చటి పుప్పొడిలాంటి జిగురుంటుంది. బార్లీ రసంలో గంటసేపు మరిగిస్తే ఆ జిగురులోని ఆమ్లాలు రూపం మార్చుకుని చేదెక్కుతాయి. ఆ చేదులో లాక్టిక్ బాక్టీరియా చాలావరకు బతకలేదు. 12వ శతాబ్దంలోనే హిల్డెగార్డ్ అనే జర్మన్ సన్యాసిని, ఈ చేదు వల్ల పానీయాలు ఎక్కువ కాలం నిలుస్తాయని రాసింది. హాప్స్ పాతుకోకముందు అక్కడ బీరులో ఎక్కువగా అడవి ఆకులు వేసేవారు. 1516లో బవేరియా ప్రభువులు బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ కూడదన్నారు. ఇంగ్లండు నుంచి ఓడల్లో మన దేశానికొచ్చే బీరుకైతే హాప్స్ మోతాదు ఇంకా పెంచారు.

లందాకి ఓడ ప్రయాణం లేదు. ఆ వారం సంతకని చేసిన కుండ సాయంత్రానికి ఖాళీ అవుతుంది. నిల్వ ఉంచే పనే లేనప్పుడు చేదెందుకు?

హైదరాబాద్ మైక్రోబ్రూవరీల రోజులు కదా, హాప్స్ మానేసి ఇప్పపువ్వుతో బస్తర్ బీరు కాద్దామనే ఉత్సాహవంతులూ ఉంటారు. ఇప్పపువ్వు నిండా చక్కెరే. అది బార్లీ చేసే పనికి సాయపడుతుంది గానీ హాప్స్ పని చెయ్యలేదు. వాసన కోసమే అయితే పొయ్యి ఆర్పాక వేసి చూడొచ్చు. సువాసనకని వేసే హాప్స్‌ని కూడా చివర్లోనే వేస్తారు, మరిగితే ఆ వాసన ఆవిరైపోతుంది కాబట్టి.