రెండో విమానం

రేడియో మీటలతో ఎగరేసే బొమ్మ విమానాల మీద నేను విమర్శ రాస్తానంటే ఒకప్పుడు నేనే నవ్వేదాన్ని. పోయిన వేసవిలో డాలస్‌లో మా అక్కయ్య ఇంట్లో ఉన్నాను. వాళ్ళబ్బాయి పుణ్యమా అని ఆ ముచ్చటా తీరుతోంది.

వాడి మొదటి విమానం సిగ్ కేడెట్. అయోవా రాష్ట్రంలో మాంటెజుమా అనే చిన్న ఊరి కంపెనీ తయారుచేసింది. ఆ కంపెనీని హేజల్ సిగఫూస్ అనే ఆవిడ భర్తతో కలిసి పెట్టి, 1980లో ఆయన పోయాక తానే నడిపింది. కేడెట్ రెక్క 70 అంగుళాలు. వీపు మీద ఉంటుంది, చివరలు కాస్త పైకెత్తి ఉంటాయి. కంగారుపడి మీటలు వదిలేసినా, తగినంత ఎత్తుంటే, తనంతట తానే సర్దుకుంటుంది. అచ్చం అమ్మమ్మే! మనవడు ఏం చేసినా "పోనీలెద్దూ" అంటుంది.

దాని గుణమూ దోషమూ ఆ గారాబమే. దాని మంచితనాన్ని మావాడు తన నేర్పు అనుకున్నాడు. రెండోదిగా స్పిట్‌ఫైర్ నమూనా కట్టాడు. 1940లో బ్రిటన్ ఆకాశాన్ని కాచిన యుద్ధవిమానం! పోనుపోను సన్నబడే ఆ రెక్క చూస్తే నాకూ ముచ్చటేసింది. కానీ చిన్న నమూనాలో రెక్కకి మించిన బరువు. వేగం తగ్గితే ఆ సన్నని చివరే ముందుగా గాలి మీద పట్టు వదిలేస్తుంది. దిగబోతూ విమానం ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. మూడు నెలల సాయంకాలాలు క్షణంలో పుల్లలైపోయాయి. వాడు ఏడవలేదు. ముక్కలు సంచీలోకి ఏరుకుంటూ, "నాకసలు రాదేమో పిన్నీ" అన్నాడు. విమానం పోయినందుకు కాదు, ఆ మాటకి నా ప్రాణం చివుక్కుమంది.

రాకపోవడం కాదు, వరస తప్పిందంతే. అదే సిగ్ వారి ఫోర్ స్టార్ 40ని చూడండి. సుమారు 60 అంగుళాల రెక్క, కడుపు కింద ఉంటుంది. మొదలూ చివరా ఒకే వెడల్పు. ఎలా వంచితే అలాగే ఉంటుంది, తనంతట తాను సర్దుకోదు. తలకిందులుగానూ ఎగురుతుంది. అయినా నెమ్మదిగా దింపేటప్పుడు దగా చెయ్యదు. కాపీలో తప్పులకి ఎర్రసిరాతో గీతలు పెట్టి, మళ్ళీ రాయమని తిరిగిచ్చే మేష్టారు అది. అందం మాత్రం అంతంతమాత్రం. ఏ చరిత్రా లేని సాదా ముఖం. నా ఫిర్యాదు అదొక్కటే. పదహారేళ్ళ కళ్ళు అలాంటిదాని మీద ఎలా నిలుస్తాయి?

వాణ్ణి తప్పుపట్టే మొహం నాకూ లేదు. మొదటి నవలని ఆదరించిన పాఠకుల దయని నా ప్రతిభ అనుకుని, తాహతుకి మించిన రెండో నవల తలపెట్టినదాన్నే కదా!

స్పిట్‌ఫైర్ ప్లాను చింపెయ్యొద్దన్నాను. మూడోదో నాలుగోదో అదే కావచ్చు. మొన్న వాడు పంపిన ఫోటోలో ఆ ప్లాను గోడ మీద ఉంది. కింద బల్ల మీద, ఒకే వెడల్పున్న సాదా రెక్కకి జిగురు ఆరుతోంది.