నేల ఉసిరి చేదు వెనక పనితనం

తొలకరి పడి నేల కాస్త నానిందంటే చాలు, హైదరాబాద్ ఉత్తర శివారులోని మా కౌకూర్ ఇళ్ల ప్రహరీల వెంట, బొల్లారం రైలు పట్టాల పక్క కంకరలో, కట్టకుండా వదిలేసిన ప్లాట్లలో నేల ఉసిరి లేచి నిలబడుతుంది. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పొయ్యరు. ఇంట్లో ఎవరికైనా పచ్చకామెర్లు వచ్చాయంటే మాత్రం మొదట గుర్తొచ్చేది ఈ మొక్కే. పీకి, కడిగి, మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. ఈ వాడుక గురించి చాలామంది రాశారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ మొక్కలోని చేదును పట్టుకుని, మిగతా వాటి నుంచి విడదీసి, దాని రూపం తేల్చి, కాలేయ కణానికి అది చేసే మేలును కొలిచి చూపినవాళ్ల పనితనం గురించి. ఆ పనిలో తొలి అడుగులు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పడ్డాయి. ఆ సంగతి మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

పని మొక్కను గుర్తుపట్టడంతో మొదలవుతుంది. అసలు కష్టం కూడా అక్కడే. మన దేశపు పాత వైద్య గ్రంథాల్లోనూ పరిశోధన పత్రాల్లోనూ నేల ఉసిరిని ఫిలాంథస్ నిరూరి అని రాసేవారు. నిజానికి నిరూరి అమెరికా ఖండపు మొక్క. మన దొడ్లలో ఎక్కువగా పెరిగేది ఫిలాంథస్ అమారస్. దాని పక్కనే దాని చుట్టాలూ మొలుస్తాయి: ఫ్రాటెర్నస్, డెబిలిస్, కాండం ఎర్రబారే యూరినేరియా, ఆకు కాస్త పెద్దగా, మొదలు సన్నగా కొన వెడల్పుగా ఉండే మదరాస్పటెన్సిస్. మనిషి నిలబడి చూస్తే అన్నీ ఒకటే. కూర్చుని, కొమ్మను వేలి మీద వెనక్కి తిప్పి చూడాలి. అమారస్‌లో సన్నని రెమ్మకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు, వాటి కింద వరసగా ఆవగింజంత కాయలు వేలాడుతుంటాయి. కాయ తొక్క నున్నగా ఉంటుంది. యూరినేరియా కాయకు తొడిమ దాదాపు ఉండదు, పైన గరుకు బొడిపెలుంటాయి. ఇంకా నిర్ధారణ కావాలంటే భూతద్దం పట్టుకుని పువ్వు చూడాలి: అమారస్ పువ్వుకు అయిదు రేకులు, ఫ్రాటెర్నస్‌కు ఆరు. ఆ ఒక్క రేకు తేడాను పట్టించుకునేవాడే మంచి ఫార్మకాగ్నసీ (ఔషధ మొక్కల శాస్త్రం) మనిషి. ఎందుకంటే కాలేయానికి పనికొస్తుందని చెప్పే చేదు పదార్థం అమారస్‌లో పుష్కలంగా ఉంటే, పక్కన మొలిచే కొన్ని జాతుల్లో దాదాపు కనపడదు. అంగట్లో మాత్రం అన్నీ ఒకే గోనెలో, ఒకే పేరుతో అమ్ముడుపోతాయి.

తెచ్చిన మొక్కను నీడలో ఆరబెడతారు. ఎండలో పెడితే రెండు రోజుల పని అరపూటలో అయిపోతుంది కానీ ఆకు రంగుతో పాటు లోపలి సరుకూ చెడే ప్రమాదముంది. సరిగ్గా ఆరిన ఆకు పచ్చగానే ఉండి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. దంచి జల్లెడ పట్టేటప్పుడూ జాగ్రత్త కావాలి. పొడి మరీ మెత్తనైతే ద్రావకం అందులోంచి దిగదు, మరీ ముతకైతే లోపలిది బయటికి రాదు.

తర్వాత వచ్చేది సాక్స్‌లెట్. కండ్లకోయ నుంచి మైసమ్మగూడ దాకా మా చుట్టుపక్కల ఉన్న ఏ ఫార్మసీ కాలేజీ ప్రయోగశాలలోకి వెళ్లినా ఈ గాజు సామగ్రి కనిపిస్తుంది. పాలలో వెన్న ఎంతుందో తేల్చడానికి 1879లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ వాన్ సాక్స్‌లెట్ దీన్ని కనిపెట్టాడు. కింద గుండ్రటి ఫ్లాస్కులో హెక్సేన్. అది 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆవిరి పక్క గొట్టం గుండా పైకెక్కి, చల్లబడి, చుక్కచుక్కగా కాగితపు గొట్టంలోని ఆకుపొడి మీద పడుతుంది. పొడి పూర్తిగా మునిగేదాకా ద్రావకం నిండుతూ పోతుంది. అంచు దాకా వచ్చిన క్షణాన పక్కనున్న వంకర గొట్టం మొత్తాన్ని ఒక్క గుక్కలో కిందికి లాగేస్తుంది. పీల్చిన సారమంతా అడుగున ఉండిపోతుంది, ద్రావకం మాత్రం మళ్లీ ఆవిరై, మళ్లీ తాజాగా పొడి మీదికి వస్తుంది. గంటల తరబడి ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. నూట నలభై ఏళ్లు దాటినా ఈ అమరికను పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదు. దిగే ద్రావకం రంగు మొదట ముదురాకుపచ్చ, తర్వాత లేతాకుపచ్చ, చివరికి ఏ రంగూ లేకుండా పోతుంది. అప్పుడు ఆపుతారు.

ద్రావకాన్ని ఆవిరి చేశాక మిగిలేది పాకం పట్టిన బెల్లంలా సాగే నల్లటి ఆకుపచ్చ ముద్ద. పత్రహరితం, మైనం, కొవ్వు అన్నీ అందులోనే. మనకు కావలసింది ఎండు మొక్క బరువులో ఒక శాతం కూడా ఉండదు. దాన్ని ఆ జిగురులోంచి స్ఫటికంగా రాబట్టడంలోనే రసాయన శాస్త్రవేత్త చేతి నేర్పు తెలుస్తుంది.

ఆ పనిని మొదట చేసింది టి.ఆర్. శేషాద్రి, ఆయనతో పనిచేసిన జి.వి. కృష్ణమూర్తి. నేల ఉసిరి చేదు పదార్థం మీద వారి పత్రం 1946లో వచ్చింది. చేదుగా ఉన్న స్ఫటికానికి ఫిలాంథిన్ అనీ, దానితో పాటు దొరికిన చేదు లేని మరో దానికి హైపోఫిలాంథిన్ అనీ పేర్లు. కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టిన శేషాద్రి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చదివి, 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి రసాయన శాఖను నిలబెట్టాడు. తర్వాత ఢిల్లీ వెళ్లాడు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. పువ్వుల్లో, బెరళ్లలో, పండ్ల తొక్కల్లో ఉండే రంగుల మీద చేసిన పనికి ప్రపంచమంతా ఆయన్ని గుర్తుపెట్టుకుంది. మనం కనీసం ఈ చేదును పట్టుకున్నందుకైనా గుర్తుపెట్టుకోవాలి.

స్ఫటికం చేతికొచ్చినా దాని లోపలి కట్టుబడి తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరులోనే ఎల్. రామచంద్రరావు, తన సహచరులతో కలిసి, 1964 నుంచి 1966 మధ్య పత్రాల్లో ఫిలాంథిన్ నిర్మాణాన్ని వెల్లడించారు. ఆ అణువును కాగితం మీద గీసి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఇరవై నాలుగు కార్బన్లు, ముప్పై నాలుగు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. నడిమిన గీత గీస్తే ఎడమ సగం, కుడి సగం ఒకటే. ఆరు ఆక్సిజన్లూ మీథాక్సీ గుంపుల్లోనే ఉన్నాయి, ఒక్కటీ విడిగా లేదు. లిగ్నాన్ అనే కుటుంబానికి చెందిన ఈ పదార్థం తెల్లటి సూదుల్లా గడ్డకట్టి, దాదాపు 97 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హైపోఫిలాంథిన్ దీనికి ఎంత దగ్గరి బంధువంటే, పదార్థాలను విడదీసి చూసే సిలికా పలక మీద రెండింటి చుక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ద్రావకాల పాళ్లు ఓపిగ్గా మార్చి మార్చి చూసి, ఆ రెండు చుక్కల మధ్య చీలిక తెచ్చిన రోజు పరిశోధక విద్యార్థికి పండుగే.

అయితే చేదు పదార్థం దొరికింది సరే, అది కాలేయాన్ని నిజంగా కాపాడుతుందా? ఈ ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు 1985లో వచ్చింది. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ సీమాప్ శాస్త్రవేత్తలు జపాన్‌కు చెందిన హికినో బృందంతో కలిసి చేసిన పని అది. ఎలుక కాలేయ కణాలను విడదీసి గాజు పళ్లెంలో బతికించారు. వాటి మీద కార్బన్ టెట్రాక్లోరైడ్ ప్రయోగించారు. ఈ విషం తనంతట తాను అంత హాని చేయదు. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపాలని కాలేయంలోని ఎంజైమే పూనుకుంటుంది. అలా విరిగినప్పుడు పుట్టే ముక్క కణపు పొరలోని కొవ్వులను వరసగా చీలుస్తూ పోతుంది. పొర చిల్లులు పడితే లోపలుండాల్సిన ఎంజైములు బయటికి కారతాయి. మన రక్తపరీక్ష కాగితం మీద ఎస్జీపీటీ అని కనిపించేది సరిగ్గా ఆ కారిందే. పళ్లెంలో ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ కలిపినప్పుడు ఆ కారడం తగ్గింది. గాలక్టోసమైన్ అనే వేరే దారిలో చంపే విషం విషయంలోనూ ఫలితం అలాగే వచ్చింది. రెండు వేర్వేరు దారుల్లో హాని చేసే విషాల ముందు నిలబెట్టి చూడటమే ఈ ప్రయోగంలోని పనితనం. ఒక్క విషంతోనే చూసి వదిలేసి ఉంటే, మందు కణాన్ని కాపాడిందో, లేక ఆ విషం విరగకుండా ఎంజైమును ఆపిందో తేలేది కాదు.

ఆ తర్వాతి కథ మనుషుల దాకా వెళ్లింది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్, మద్రాసులోని పరిశోధకుడు ఎస్.పి. త్యాగరాజన్‌తో చేతులు కలిపాడు. 1988లో లాన్సెట్‌లో వచ్చిన వారి పత్రం ప్రకారం, వైరస్ మోస్తున్న 37 మందికి అమారస్ పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు నెల రోజులు ఇస్తే, 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ మాయమైంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచం ఉలిక్కిపడింది. థాయిలాండ్‌లోనూ ఇతర చోట్లా మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 1995లో చైనా వైద్యులు మూడు జాతులను పక్కపక్కన పెట్టి చూశారు. కాస్త మెరుగనిపించింది మన అమారస్ కాదు, యూరినేరియా. ఇన్నేళ్ల పరీక్షలన్నీ కలిపి చూసినవాళ్లు హెపటైటిస్ బి మీద ఈ మొక్క పనిచేస్తుందని నమ్మదగిన సాక్ష్యం లేదనే తేల్చారు. నేను ఆ మాటను అంగీకరిస్తాను. అంగీకరిస్తూనే, బ్లంబర్గ్ స్థాయి మనిషి మన దొడ్లోని మొక్కను ఇంత పద్ధతిగా పరీక్షకు పెట్టాడన్నది నాకు గర్వం. ఫలితం తారుమారైనా ఆ పద్ధతి విలువ తగ్గదు.

హెపటైటిస్ బి నుంచి మా ప్రాంతానికి గట్టి కాపుదల ఇచ్చింది మొక్క కాదు. మాకు కాస్త దూరంలోని మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తయారుచేసిన టీకా. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు వేసే ఆ సూదికి ఏ పసరూ సాటి రాదు. ఇంకో మాటా చెప్పాలి. మనకు ఎక్కువగా వచ్చే కామెర్లు కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలవి. చాలామందిలో అవి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరు మందుకు వస్తుంది. రోగి మగతగా ఉన్నా, మాట తడబడినా, రక్తం పోతున్నా, గర్భిణి అయినా పసరు నూరుతూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ చేదు పదార్థంతో పని ఇంకా మిగిలే ఉంది. ఫిలాంథిన్ నీళ్లలో సరిగా కరగదు. అందువల్ల కషాయం కాచి వడగడితే అందులోకి దిగేది ఎక్కువగా టానిన్లే, ఫిలాంథిన్‌లో చాలా భాగం పిప్పితో పాటు పారబోతకు పోతుంది. ఆకును ఆకుగా నూరి మింగించిన మన పెద్దల పద్ధతిలో కనీసం ఆ నష్టం లేదు. కానీ మింగిన తర్వాత కూడా పేగు దాన్ని తేలిగ్గా పీల్చుకోదు. అందుకే ఇప్పుడు పరిశోధకులు దాన్ని ఫాస్ఫోలిపిడ్లతో జతకట్టి, సన్నని కణాలుగా చేసి, రక్తంలోకి ఎంత చేరుతుందో ఎలుకల్లో కొలుస్తున్నారు. శేషాద్రి చేతిలో మెరిసిన ఆ తెల్లటి సూదులను ఇప్పుడు పేగు గోడ దాటించాలి. ఇందుకు కావలసిన సామగ్రి, సిలికా పలకలు, ఓపిక ఉన్న పిల్లలు మేడ్చల్ చుట్టూ ఉన్న ఫార్మసీ కాలేజీల్లోనే ఉన్నారు.