ఉత్తరాలతో పెరిగిన విద్య

వేలూరు నుంచి తిరువణ్ణామలై వెళ్ళే దారిలో, బాగాయం దాటి ముందుకు వెళితే కనియంబాడి. ఇటు గుడియాత్తం దాకా తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అలాంటి ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి, విదేశీ విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ తరగతుల్లో మనోవిశ్లేషణ సిద్ధాంతం మీద పీజీ చేస్తానంటే, పెద్దవాళ్ళకు వెంటనే ఒక సందేహం వస్తుంది. మనసును చదివే విద్య తెర ముందు కూర్చుంటే అబ్బుతుందా? అడగాల్సిన ప్రశ్నే. దానికి సమాధానం ఆ విద్య చరిత్రలోనే దొరుకుతుంది.

మన దేశంలో మనోవిశ్లేషణకు ఆద్యుడు కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్. ఆయన వియన్నా వెళ్ళలేదు, అక్కడ ఈ విద్యకు పునాది వేసిన ఫ్రాయిడ్‌ను కళ్ళారా చూడలేదు. దొరికిన పుస్తకాలు చదివి, తన రోగుల మాటలతో పోల్చి చూసుకుని, దమనం అనే భావన మీద సిద్ధాంత గ్రంథం రాసి 1921లో ఫ్రాయిడ్‌కు పంపారు. వాళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాలు 1937 దాకా సాగాయి. 1922లో బోస్ ఇంట్లో మొదలైన ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీకి అదే ఏడాది అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం గుర్తింపు వచ్చింది. ఫ్రాయిడ్ కూడా దూరం నుంచి పనిచేసినవాడే. గుర్రాలంటే భయపడే ‘లిటిల్ హాన్స్’ కేసును ఆయన 1909లో ప్రచురించారు. ఆ పిల్లవాడి చికిత్స చాలావరకు తండ్రి చేతుల మీదుగా, అతను రాసి పంపిన వివరాల ఆధారంగానే నడిచింది. ష్రెబర్ అనే రోగి గురించి 1911లో రాసినప్పుడైతే ఆయన ముందున్నది మనిషి కాదు, ఆ మనిషి రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం మాత్రమే.

అందుకే ఈ చదువులో మొదటి సాధన చదవడమే. స్ట్రేచీ ఆంగ్లంలోకి తెచ్చిన ఫ్రాయిడ్ రచనలు 24 సంపుటాలు. వాటిని మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదవమని ఎవరూ చెప్పరు. ఒక కేసు తీసుకుంటారు. ఒకసారి కథలా చదువుతారు. రెండోసారి రోగి ఎక్కడ మాట మార్చిందో, ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకుంటారు. మూడోసారి వైద్యుడు ఎక్కడ తొందరపడ్డాడో చూస్తారు. 1905లో అచ్చయిన డోరా కేసు ఇందుకు మంచి పాఠం. ఆమె మూడు నెలలైనా నిండకుండానే చికిత్స మానేసి వెళ్ళిపోయింది. తన జీవితంలోని వాళ్ళ మీద ఉన్న ప్రేమనూ కోపాన్నీ రోగి వైద్యుడి మీదికి మళ్ళిస్తుందని, దాన్ని తాను సకాలంలో పట్టుకోలేకపోయానని ఫ్రాయిడ్ స్వయంగా రాశారు. ఈ మళ్ళింపే ట్రాన్స్‌ఫరెన్స్. అదేమిటో నిర్వచనం బట్టీపట్టిన విద్యార్థి కంటే, ఈ కేసును మూడుసార్లు చదివిన విద్యార్థికి బాగా తెలుస్తుంది.

రెండో సాధన వినడం. రోగి తన మనసులోకి ఏది వస్తే అది, సిగ్గనిపించినా పనికిరానిదనిపించినా దాచకుండా చెప్పాలి. వినేవాడు ఏ ఒక్కదాన్నీ పట్టుకు వేలాడకుండా అన్నిటికీ ఒకేలా చెవి ఇవ్వాలి. ఆ సమయంలో నోట్స్ కూడా రాసుకోవద్దని ఫ్రాయిడ్ 1912లోనే వైద్యులకు చెప్పారు. ఆన్‌లైన్ సెమినార్‌లోనూ ఇది అలవడుతుంది. అయితే అది రికార్డు చేసిన ఉపన్యాసం వింటే వచ్చేది కాదు. పదిమంది కలిసి ఒక్క పేరాను గంటసేపు తరచి చూస్తే వస్తుంది. లండన్‌లో సాయంత్రం ఆరింటికి మొదలయ్యే తరగతి మనకు వేసవిలో రాత్రి పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు వస్తుంది. ఆ వేళకు మేలుకుని చదివే ఓపిక ఈ చదువుకు అవసరమే.

అయితే హద్దులు కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. 1920లో బెర్లిన్ మనోవిశ్లేషణ క్లినిక్ మొదలైన తర్వాత స్థిరపడిన మనోవిశ్లేషకుల శిక్షణకు మూడు కాళ్ళు: సిద్ధాంత పాఠాలు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చికిత్స, విద్యార్థి తాను స్వయంగా విశ్లేషణ చేయించుకోవడం. దూరవిద్య మొదటిదాన్ని పూర్తిగా ఇవ్వగలదు. మిగతా రెండింటికీ మనిషి ఎదుట మనిషి కూర్చోవాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు తప్పనిసరి. 2025లో యూజీసీ సైకాలజీని ఆన్‌లైన్, దూరవిద్య పద్ధతుల్లో నడపవద్దని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది కూడా. సిద్ధాంతంలో సంపాదించిన పట్టా చికిత్స చేయడానికి అనుమతి కాదు. ఈ మాట చేరేముందే తెలియాలి.

మరి చికిత్స చేయలేని చదువు ఎందుకు? కనియంబాడిలోనే దానికి బలమైన సమాధానం ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రి సామాజిక ఆరోగ్య విభాగం ఈ బ్లాకులో దాదాపు లక్షా ఎనిమిది వేలమందిని గమనిస్తూ, మరణం జరిగిన ఇళ్ళకు వెళ్ళి కుటుంబంతో మాట్లాడి కారణాలు తెలుసుకుంది. 1994 నుంచి 1999 దాకా ఇక్కడ ఏటా లక్షకు 95 ఆత్మహత్యలు జరిగాయని 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తేల్చింది. ప్రభుత్వ లెక్కల్లో అప్పటి దేశ సగటు 11 దగ్గర ఉండేది. కాగితం మీదికి రాని దుఃఖం, ఇంటి అరుగు మీద కూర్చుని విన్నవాళ్ళకు తెలిసింది. బాగాయంలో 1957లో మొదలైన సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం రోగితో పాటు ఇంటివాళ్ళను కూడా ఉంచుకుని వైద్యం చేస్తుంది. వియన్నాలో రోగి సోఫా మీద ఒంటరిగా పడుకున్నాడు. ఇక్కడ పక్కనే తల్లి ఉంటుంది, అన్న ఉంటాడు. మనసు గురించి ఏ సిద్ధాంతం చదివినా ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

బోస్ ఆ పనే చేశారు. యూరప్ రోగుల్లో ఫ్రాయిడ్ చూసిన భయాలు తన భారతీయ రోగుల్లో అంత గట్టిగా కనబడటం లేదని ఉత్తరంలోనే వాదించారు. పరస్పర విరుద్ధమైన కోరికలు జంటగా ఉంటాయని సొంత సిద్ధాంతం కట్టారు. కలల మీద బెంగాలీలో పుస్తకం రాశారు. తెలుగులో ఆ లోతును మన నవలాకారులు కూడా తాకారు. తల్లి మీద పడిన మచ్చ కొడుకు జీవితాన్నంతా ఎలా వెంటాడుతుందో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో చూపారు. ‘అసమర్థుని జీవయాత్ర’లో గోపీచంద్ ఒక మనిషి లోపలి నుంచి కూలిపోవడాన్ని చూపారు. సిద్ధాంతం చదివిన కళ్ళతో ఈ నవలలు మళ్ళీ చదివితే కొత్త అర్థాలు తెరుచుకుంటాయి.

అందుకే ఈ దారిలోకి వచ్చే తెలుగు విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. చదివినదాన్ని అప్పజెప్పి ఊరుకోకండి. మీ ఇంటి మాటలతో, మీ ఊరి మనుషులతో దాన్ని పరీక్షించండి. ఎక్కడ సరిపోదో తెలుగులో రాయండి. ఆ రాత రేపు ఒక వైద్యుడికో, ఉపాధ్యాయుడికో, కొడుకు మౌనం అర్థంకాని తల్లికో పనికొస్తుంది. ఈ చదువుకు ఉన్న విలువ అదే.