చౌదరిగారి కీర్తనలు – వినువారి అక్కర

పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు పాడని తెలుగు సంఘము మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో అరుదు. వానిని భక్తిపాటలుగా మెచ్చుకొన్నవారు అనేకులు. బోధగా పరీక్షించి చూచినవారు తక్కువ. ఇక్కడ ఆ పని కొంత చేయదలచితిని.

చౌదరిగారు బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, తెలుగు సంస్కృతములు చదివి, 1833లో బాప్తిస్మము పొందిరి. వారి కాలపు శ్రోతలు భజనలు, శతకములు, యక్షగానములు వినుచు పెరిగినవారు. తెల్లవారి దేశపు రాగమునకు అతికించిన తెలుగు మాట వారి చెవికి పరాయిది. కనుక చౌదరిగారు పల్లవి, చరణములు గల కీర్తననే చేపట్టిరి. అందులోనూ వాదమునకు దిగక, పాపి ప్రభువు నెదుట నిలిచి వేడుకొనునట్లు వ్రాసిరి. కులము విడువవలెనా, తల్లిదండ్రులను విడువవలెనా అని లోలోన నలుగుచున్న మనిషికి తర్కముకంటె ఆ వేడుకోలే ఎక్కువ అక్కర. ఆ దారిన నడిచి వచ్చినవారు గనుక వారికి అది తెలియును.

ఆ శ్రోతలు వేరు, మన శ్రోతలు వేరు. వారి కీర్తనలలో ఒకటి, నన్ను రక్షించుమని అర్థమిచ్చు సంస్కృతపు మాటతోనే మొదలగును. దానిని కన్నీళ్లతో పాడు అక్కలలో ఎందరికి ఆ మాట అర్థము తెలియును? మనము చెప్పలేదు గనుక తెలియదు. రాగము వారిని ఏడ్పించుచున్నది, మాట వారిని తాకకయే పోవుచున్నది.

దీనికి కొందరు కనుగొన్న మందు పాత కీర్తనలను మానిపించి, రెండు ముక్కలను ఇరువదిమార్లు తిప్పి పాడించుట. పల్లెజనులకు ఇంతకంటె అర్థము కాదట! నేను దీనిని ఒప్పుకొనను. ఊడ్పుచేలలో పొడుగాటి కథాగేయములు కంఠతా పాడగల స్త్రీకి తెలివి తక్కువని ఎవరు చెప్పగలరు? అర్థము చెప్పువాడు లేకపోవుట ఒకటి, అర్థము చేసికొను శక్తి లేకపోవుట మరొకటి. మన ప్రభువు రాత్రివేళ వచ్చిన నీకొదేముతో పుట్టుకను గూర్చియు, బావియొద్ద సమరయ స్త్రీతో నీళ్లను గూర్చియు మాటలాడెను. ఆమె చదువుకొననిదని తేలిక సంగతి చెప్పి పంపివేయలేదు. నిజమైన ఆరాధన ఎట్టిదను గొప్ప సంగతిని ఆమెకే విప్పి చెప్పెను (యోహాను 3, 4).

కొండమీది సవరల మాట వేరు. వారికి కీర్తనలోని కఠిన పదమే కాదు, తెలుగే పొరుగుభాష. ఈ సంగతిలో మనకు పాఠము చెప్పదగినవారు గిడుగు రామమూర్తిగారు (1863–1940). క్రైస్తవులు కారు, అయినను వారియొద్ద నేర్చుకొనుటకు మనకు సిగ్గెందుకు? పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. మద్రాసు ప్రభుత్వము బహుమానమియ్యబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడనిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. అనగా బోధించుటకు ముందు ఎన్నో ఏండ్లు ఆ గురువుగారే శిష్యులైరి. మనలో ఎందరము ఒక వేసవి సెలవులపాటైనను అట్లు కూర్చుంటిమి?

చౌదరిగారి కీర్తనలను పర్వతములపైకి యథాతథముగా మోసికొనిపోవుట వారి పద్ధతికే విరుద్ధము. వారు తమ శ్రోతల రాగమును వెదకిరి. సవర సంఘములో ఆ వెదకులాట మరల మొదటినుండి జరుగవలెను, సవరలే ముందుండి జరుపవలెను.

మైదానపు సంఘములకు కావలసినది ఇంతకంటె చిన్నపని. నా చేతనున్న కీర్తనల పుస్తకమున ప్రతి కీర్తనకు పైన రాగము, తాళము అచ్చువేసిరి. క్రింద కఠిన పదములకు అర్థములు మాత్రము లేవు. అచ్చుకూటమువారు తలచినచో పుటకు రెండు పంక్తులు చాలును. అంతవరకు పాటకు ముందు ఒక్క మాటకైనను అర్థము చెప్పి, వెనుక వరుసలో కూర్చున్న అక్కను, నీకేమి తెలిసెనమ్మా అని బోధకుడు అడుగవచ్చును.