లిసియా తీరమార్గము : పరవాక్కు, శిలావాక్కు

తుర్కీ దేశపు నైరృతిభాగమున, కొండలు మధ్యధరాసముద్రమునఁ గాళ్లు మోపినట్లున్న సీమకుఁ బూర్వము లిసియా యని పేరు. ఫెతియే పట్టణసమీపమునుండి అంతాల్యా పరిసరములదాఁక 500 కిలోమీటర్లకు మించిన కాలిబాట యొకటి యిందుఁ గలదు. ప్రాచీనమార్గములను, పసులకాపరుల త్రోవలను గలిపి, ఎఱుపుతెలుపు గుఱుతులు పెట్టించి, ఆంగ్లవనిత కేట్ క్లో 1999లో దీనిని యాత్రికుల కందించెను. బాట పొడవునను శిథిలనగరములే. ఈ సీమనుగూర్చి పలికిన ప్రాచీనులలో హోమరు, హెరొడోటసు ముఖ్యులు, ఇరువురును యవనులే. లిసియనులు స్వభాషలో రచించిన గ్రంథ మొక్కటియు దక్కలేదు, దక్కినవి శాసనములు. కావునఁ బరుల మాటను ఆ ఱాలు ఎంతవఱకు సమర్థించుచున్నవో విచారింపవలసియున్నది.

లిసియనులకుఁ దెర్మిలు లను నామాంతరము గలదని హెరొడోటసు వ్రాసెను. లిసియా శాసనములలో ఆ జనులు తమ్ముఁ దాము త్రమ్మిలి యని చెప్పుకొనుటచే నీ మాట నిజమని తేలినది. ఆ చరిత్రకారుఁడే, లిసియనుఁడు తన వంశమును దల్లిపేరనే చెప్పుకొనుననియు, నది యితరజాతులలో లేని యాచారమనియు వ్రాసెను. గోరీల వ్రాఁత లిందుకుఁ బ్రతికూలముగా నున్నవి. ఫలానివాని కొడుకు ఫలానివాఁడు భార్యాబిడ్డలకొఱకు దీనిని గట్టించె ననుటయే వానిలోఁ దఱచగు క్రమము. అనఁగాఁ దండ్రిపేరే ముందు వచ్చుచున్నది. ఒకే ప్రకరణమున నొక వాక్యము నిలిచినది, వేఱొకటి సడలినది. హెరొడోటసు జన్మస్థానమగు హాలికర్నాససు లిసియాకు దూరమైనది కాదు. పొరుగువాఁడు పేరును సరిగా వినును. ఆచారమును మాత్రము వింతగాఁ జూచును. గ్రంథకర్త నమ్మఁదగినవాఁడా కాఁడా యని మొత్తముగాఁ దీర్పు చెప్పుట విమర్శ కాదు. వాక్యవాక్యమునకుఁ బరీక్ష వలయును.

జాంథసు నగరమున నీ పరీక్ష మఱింత యావశ్యకము. క్రీ. పూ. 540 ప్రాంతమునఁ బారసీక సేనాని హార్పగసు పైఁబడఁగా, ఆ పురజనులు భార్యాబిడ్డలను, దాసులను, ధనమును గోటలోఁ జేర్చి నిప్పంటించి, తాము పోరుచు నశించిరనియు, ఊరలేని యెనుబది కుటుంబములే మిగిలెననియు హెరొడోటసు కథనము. ఈ ఘట్టము చదివినవారికి జాంథసనఁగా బూడిదయే తలఁపునకు వచ్చును. ఐనను అచ్చట నేఁటికిని నిలిచియున్న శాసనస్తంభము వేఱుమాట చెప్పుచున్నది. క్రీ. పూ. 400 ప్రాంతపు ఆ స్తంభమున లిసియాభాషలోను, దాని సోదరభాషలోను వ్రాసిన 250కి మించిన పంక్తులు, నడుమఁ బండ్రెండు పంక్తుల యవనపద్యమును గలవు. ఆ పద్యము ఒక్కదినమున నేడుగురు ఆర్కేడియా భటులను గూల్చిన పాలకుని గొనియాడుచున్నది. యవనకవితను దన విజయమునకు వాడుకొనఁగలిగిన నగరము, నూటయేఁబది యేండ్లలో బూడిదనుండి లేచిన నగరము, హెరొడోటసు కథలోఁ గానరాదు.

హోమరు చరిత్రకారుఁడు కాఁడు. ఇలియడు పదునాఱవ సర్గమున సర్పెడను నిహతుఁడు కాఁగా నిద్రయు మృత్యువును వాని దేహమును లిసియాకుఁ గొనిపోవుదురు. బంధువులు సమాధిని, స్తంభమును నెత్తుట మృతులకుఁ దగిన గౌరవ మని యందుఁ జెప్పఁబడినది. ఇప్పుడు కనఁబడు గోరీలు ఆ కావ్యముకంటె నర్వాచీనములు. వానినిబట్టి కవికి సాక్ష్యము కల్పింపరాదు. ఐనను జాంథసు స్తంభములు, మిరా కొండచఱియలలోఁ దొలిచిన గృహాకారపు గోరీలు, సిమెనాయొద్ద నీటిలో నిలిచిన శిలాపేటికయుఁ జూచినవారికి, ఈ దేశము మృతుల నెట్లు గౌరవించునో కవి యౌచిత్య మెఱిఁగి పలికెనని తోఁపకమానదు. విషయప్రామాణ్యము వేఱు, ఔచిత్యము వేఱు. హెరొడోటసునకు మొదటిది కొలఁత, హోమరునకు రెండవది.

శిలావాక్కుకును దన స్థానము వలయును. 1838లో జాంథసును జూచిన చార్లెస్ ఫెలోస్ శాసనములకుఁ బ్రతులు వ్రాసి, చిత్రములు గీచి, పండితలోకమునకు మేలు చేసెను. 1842 మొదలు నెరీడ్ స్మారకము మున్నగువాని శిల్పములు ఆతని పూనికచే లండనునకుఁ జేరినవి. నేఁడు జాంథసున స్మారకపు పీఠము మిగిలినది; హార్పీ సమాధి స్తంభముపై నచ్చుపోసిన ప్రతిబింబములు నిలిచినవి. ఆ బ్రిటిష్ మ్యూజియముననే, 1859లో మదరాసునుండి లండనునకుఁ బంపఁబడిన అమరావతి శిలలును గలవు. కావున నీ బాధ తెలుఁగువారి కపరిచితము కాదు. శిల్పము లండనునను శిల్పమే. ఐనను నది, కోట, సముద్రము వీనితో దానికిఁ గల యన్వయ మచట లేదు. 1973లో లెటూన్ దేవస్థలమున దొరకిన త్రిభాషాశాసన మిందుకుఁ బ్రత్యుదాహరణము. లిసియా, యవన, అరమాయిక భాషలలో నొక దేవతారాధనస్థాపనను దెల్పు ఆ ఱాయి దేవాలయములచెంతనే లభించుటచే, భాషయు సందర్భమును నొకదానికొకటి వ్యాఖ్య లైనవి.

మూలము చూడక వ్యాఖ్యను నమ్ముట పండితులకుఁ దగదు. లిసియా విషయమున మూలము తాళపత్రములలో లేదు, కొండలపై నున్నది. అది చదువుటకుఁ గన్నులతోపాటు కాళ్లును గావలయును.